తలుపు తీసి ఉన్న కాలేజీ

రెండు నెలల కిందట ఒక రాత్రి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. రెండు కాలేజీల్లో సీటొచ్చింది, వారంలోగా ఏదో ఒకటి తేల్చుకుని ఫీజు కట్టాలి. ఒకదాని పేరు చెబితే చుట్టాలంతా "అబ్బో" అంటారు. రెండోదాని పేరు చెబితే "అదెక్కడుంది?" అని అడుగుతారు. కానీ తను చదవాలనుకుంటున్న సబ్జెక్టు రెండోచోటే బాగా చెబుతారని ఎవరో సీనియర్ చెప్పిందట. ఇంట్లో మూడు రోజులుగా ఇదే గొడవ. "మామయ్యా, ఇన్నేళ్లు పాఠాలు చెప్పావు కదా, ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పెయ్" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

ఆ రాత్రి ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. తర్వాత వారమంతా ఫోన్లో విడివిడిగా చెప్పినవీ, చెప్పడం మర్చిపోయినవీ అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. తనలాంటి పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ పనికొస్తాయని ఆశ.

నేను ఇరవై ఏళ్లకు పైగా కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పాను. అంతకుముందు రెండు కాలేజీల్లో చదివాను, ఒకటి ఎవరికీ తెలియనిది, ఒకటి అందరికీ తెలిసినది. ఇన్నేళ్ల తర్వాత నాకు నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. కాలేజీని చూడ్డానికి వెళ్లినప్పుడు, ఇక్కడ నా పేరు గుర్తుంచుకునే టీచరు ఒక్కరైనా దొరుకుతారా అని చూడాలి. దొరికేలా ఉంటే చేరాలి. చేరాక ఆ టీచరు వచ్చి పిలుస్తారని కూర్చోకుండా మనమే వెళ్లి తలుపు తట్టాలి. ర్యాంకు, భవనాలు, ప్యాకేజీలు అన్నీ దీని తర్వాతే.

ఎందుకంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే ఒక సాయంత్రం గురించి చెప్పాలి.

నేను డిగ్రీ చదివిన కాలేజీ చిన్నది. ల్యాబ్‌లోని మీటర్లకు నాకంటే ఎక్కువ వయసు. రెండో ఏడాదిలో ఒక రోజు ఓమ్ నియమం ప్రయోగం. తీగకు వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, ప్రతిసారీ ఎంత కరెంటు పారుతోందో రాసుకోవాలి, గ్రాఫు గీయాలి. సరళరేఖ రావాలి. నా ఎనిమిది రీడింగుల్లో ఆరు గీత మీద పడ్డాయి, చివరి రెండూ కిందికి జారాయి. పక్కవాళ్ల గ్రాఫులు చూశాను. అందరివీ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. నా చివరి రెండు చుక్కలనూ రబ్బరుతో చెరిపేసి, గీత మీద పడేలా కొత్తవి పెట్టి, రికార్డు ఇచ్చేశాను.

మా సార్ ఆ కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. చెరిపినచోట కాగితం పలచబడి వెలుతురు కనిపిస్తోంది. తిడతారనుకున్నాను. "ఈ రెండూ ముందు ఎక్కడ పడ్డాయి?" అని అడిగారు. వేలు పెట్టి చూపించాను. "ఎందుకు కిందికొచ్చాయంటావ్?" తెలియదన్నాను. "అయితే ఉండు, చూద్దాం" అన్నారు.

అందరూ వెళ్లిపోయాక మళ్లీ కనెక్షన్లు ఇప్పించారు. ఆఖరి వోల్టేజీ దగ్గర కాసేపు ఆగి, స్విచ్ ఆపేసి, తీగను ముట్టుకుని చూడమన్నారు. బాగా వెచ్చగా ఉంది. అప్పుడు అర్థమైంది. తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే రావాల్సినంత కరెంటు రాదు, చుక్క కిందికి జారుతుంది. తర్వాత ఒక్కో రీడింగుకూ మధ్య స్విచ్ ఆపి, తీగ చల్లారేదాకా ఆగి, చకచకా కొలిచాం. చివరి రెండు చుక్కలూ వచ్చి గీత దగ్గర కూర్చున్నాయి. రెండు గ్రాఫులనూ రికార్డులో పక్కపక్కనే అతికించమన్నారు సార్. ల్యాబ్ తాళం వేసేసరికి బయట చీకటి పడింది.

పాత మీటర్లున్న ఆ కాలేజీ ఏ పట్టికలోనూ ఉండదు. ఆ తర్వాత పీజీకి చాలా పేరున్న చోట చేరాను. పెద్ద లైబ్రరీ, కొత్త పరికరాలు, హాలు నిండా తెలివైన పిల్లలు. చివరి ఏడాదిలో సిఫారసు ఉత్తరం కోసం ఒక ప్రొఫెసర్ దగ్గరికి వెళితే, "మీరు నా క్లాసేనా?" అని అడిగారు. ఆయన్ని తప్పు పట్టను. రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆయన గదికి వెళ్లలేదు, వెళ్లాలని ఎవరూ చెప్పలేదు, వెళ్లినవాళ్లూ కనబడలేదు. చివరికి ఉత్తరం రాసిచ్చింది మా చిన్న కాలేజీ సారే. నన్ను మొదటి ఉద్యోగంలోకి తీసుకున్న పెద్దమనిషి చాలా కాలం తర్వాత చెప్పారు, ఆ ఉత్తరంలో నా మార్కుల గురించి ఒక్క వాక్యమే ఉందట, జారిపోయిన రెండు చుక్కల గురించి ఒక పేరా ఉందట.

ఇది నా ఒక్కడి కథే అయితే ఇంత నమ్మకంగా రాసేవాణ్ణి కాదు. 2014లో గాలప్ సంస్థ, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి అమెరికాలో 30,000 మందికి పైగా పట్టభద్రుల్ని అడిగాయి: ఇప్పుడు చేస్తున్న పనిలో మనసు పెట్టగలుగుతున్నారా, జీవితం ఎలా ఉంది అని. చదివింది ప్రభుత్వ కాలేజీనా ప్రైవేటు కాలేజీనా, సీటు దొరకడం ఎంత కష్టం అనేవాటితో జవాబులు పెద్దగా మారలేదు. మారింది వేరేచోట. చదువు మీద ఉత్సాహం కలిగించిన ప్రొఫెసరు, మనిషిగా తమను పట్టించుకున్న ప్రొఫెసరు, కలలకు వెన్నుతట్టిన గురువు, ఈ ముగ్గురూ తమకు దొరికారని గట్టిగా చెప్పినవాళ్లలో పనిలో మనసు పెట్టగలిగే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువ కనిపించింది. అలా ముగ్గురూ దొరికారని చెప్పినవాళ్లు ఎంతమంది? 14 శాతం. చదువుకునేటప్పుడే చొరవగా ఉండే పిల్లలు తర్వాత కూడా చొరవగానే ఉంటారు, అందుకే అలా వచ్చిందేమో అని ఎవరైనా అంటే కాదనను. అయినా ఆ 14 దగ్గర నా చూపు ఆగిపోతుంది. అన్ని వేల మంది అన్నేళ్లు కాలేజీల్లో గడిపితే, దొరకాల్సింది దొరికినవాళ్లు అంత తక్కువ మంది.

మరి ర్యాంకుల మాటేమిటి అంటారు. ర్యాంకును ఒక్క చూపు చూసి పక్కన పెట్టమంటాను. అమెరికాలో యూఎస్ న్యూస్ పత్రిక 1983లో మొదటిసారి కాలేజీలకు ర్యాంకులిచ్చింది. ఎలా ఇచ్చిందంటే, కాలేజీల అధ్యక్షులకు ఉత్తరాలు రాసి, మీ దృష్టిలో ఏవి గొప్పవి అని అడిగి. అంటే అందరూ గొప్పదనుకునేది గొప్పదైంది. తర్వాత రకరకాల లెక్కలు చేర్చారు, లెక్కలు చేరగానే ఆ లెక్కలు పెంచుకోవడం మీద కాలేజీలకు ధ్యాస పెరిగింది. కొలంబియా యూనివర్సిటీ అదే పట్టికలో రెండో స్థానానికి చేరింది. 2022లో అక్కడే పనిచేస్తున్న గణిత ప్రొఫెసర్ మైకేల్ థాడియస్ ఆ అంకెలను ఒక్కొక్కటిగా తరచి చూసి, ఇవి పొసగడం లేదని బయటపెట్టారు. 20 మంది లోపు విద్యార్థులుండే క్లాసులు తమ దగ్గర 82.5 శాతం అని యూనివర్సిటీ చెప్పుకుంది. మళ్లీ లెక్క తీస్తే 57.1 శాతం వచ్చింది. ఆ ఏడాదే ర్యాంకు 18కి పడిపోయింది. ఆలోచించండి, రెండో ర్యాంకు చూసి చేరిన పిల్లకూ, పద్దెనిమిదో ర్యాంకు వచ్చిన రోజు క్లాసులో కూర్చున్న పిల్లకూ పాఠం చెప్పింది ఆ టీచర్లే. ఆ గదులే, ఆ పుస్తకాలే.

ఆ "చిన్న క్లాసుల శాతం" అనే అంకెలో ఇంకో తిరకాసు ఉంది, ఇది చాలామంది గమనించరు. ఒక కాలేజీలో పది క్లాసులున్నాయనుకుందాం. తొమ్మిదింట్లో పదేసి మంది, పదోదాంట్లో 300 మంది. కాలేజీ చూపించే కాగితంలో "90 శాతం చిన్న క్లాసులే" అని ఉంటుంది, అది నిజమే. కానీ మొత్తం 390 కుర్చీల్లో 300 ఆ ఒక్క హాల్లోనే ఉన్నాయి. మీరు కూర్చోబోయేది ఎక్కువగా అక్కడే. అందుకే శాతం అడగొద్దు. మొదటి ఏడాదిలో నేను వినబోయే క్లాసుల్లో ఒక్కోదాంట్లో ఎంతమంది ఉంటారో చెప్పండి అని అడగండి.

ఉద్యోగాల అంకెలూ ఇంతే. "అత్యధిక ప్యాకేజీ" అంటే ఒక్క మనిషి జీతం. బ్యాచ్ మొత్తాన్ని జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడికి ఎంతొచ్చిందో అడగండి. శాతం చెబితే దేంట్లో శాతమో అడగండి. బ్యాచ్‌లో చేరిన అందరిలోనా, చివరి ఏడాది ఇంటర్వ్యూలకు అర్హులని తేల్చిన వాళ్లలోనా? ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే ఒకటిగా లెక్కేశారా, మూడుగానా? చేరినవాళ్లలో ఎంతమంది సమయానికి డిగ్రీ పూర్తి చేశారు? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చే కాలేజీ మీద నాకు గౌరవం పుడుతుంది, అంకె చిన్నదైనా సరే.

పేరుకు విలువ లేదని మాత్రం నేను అనను. అది పిల్లల్ని తప్పుదారి పట్టించడమే అవుతుంది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. పెద్ద కాలేజీల్లో చదివినవాళ్లు ఎక్కువ సంపాదిస్తారని అందరికీ తెలుసు. అది కాలేజీ వల్లా, లేక అక్కడ సీటు తెచ్చుకోగల పిల్లలు ఎక్కడున్నా సంపాదించేవాళ్లేనా? ఇది తేల్చడానికి వాళ్లు ఒకే స్థాయి కాలేజీలకు దరఖాస్తు చేసి, ఒకేలా సీట్లు వచ్చి, వేర్వేరు చోట్ల చేరినవాళ్లను పోల్చి చూశారు. తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ పేదింటి పిల్లల విషయంలో తేడా ఉంది. వాళ్లకు పెద్ద కాలేజీ నిజంగానే మేలు చేసింది. తర్వాతి పరిశోధనలో తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లల విషయంలోనూ అదే కనిపించింది. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. నాన్న స్నేహితుడు ఇంజనీరు, పెదనాన్న డాక్టరు అయిన ఇంట్లో పుట్టిన పిల్లకు ఎవర్ని ఏమడగాలో ఇంట్లోనే తెలుస్తుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే పిల్లకు ఆ మనుషులు కాలేజీలోనే దొరకాలి. కాబట్టి మీ ఇంట్లో మీరే మొదటివాళ్లయితే, పేరున్న చోట సీటొచ్చి, ఫీజు మోయగలిగితే, భయపడి వదులుకోకండి. అక్కడ మీకు అందరికంటే ఎక్కువ పని ఉంటుంది, తలుపులు తట్టే పని.

ఫీజు గురించి రెండు మాటలు. మొదటి ఏడాది ఫీజు చూసి నిర్ణయం తీసుకోవద్దు. హాస్టల్, పరీక్షలు, రాకపోకలు, ఏటా పెంచేది, అన్నీ కలిపి చివరి ఏడాది వరకు ఒక కాగితం మీద లెక్క వేయండి. అప్పుతో చదివితే తప్పు కాదు. కానీ పెద్ద అప్పు ఉన్న పిల్లలు నచ్చని ఉద్యోగాన్ని కూడా వదల్లేరు. నా దగ్గర చదివిన బాగా తెలివైన పిల్లల్లో ఇద్దరు ముగ్గురు పరిశోధన వైపు వెళ్లకపోవడానికి కారణం అదే, తెలివి తక్కువై కాదు.

కాలేజీ ఎంపిక గురించి ఎవరు అడిగినా నాకు చార్లెస్ డార్విన్ గుర్తొస్తాడు. 1825లో, పదహారేళ్ల వయసులో, ఆయన్ని తండ్రి ఎడిన్‌బరోకు వైద్యం చదవడానికి పంపాడు. ఆ రోజుల్లో వైద్యానికి అంతకంటే పేరున్న చోటు బ్రిటన్‌లో చెప్పడం కష్టం. తండ్రి డాక్టరు, తాత డాక్టరు. కాగితం మీద చూస్తే అంతకంటే మంచి ఎంపిక లేదు. కానీ మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని కాలం. రెండు ఆపరేషన్లు చూసి, రెండుసార్లూ మధ్యలోనే పారిపోయాడు. చాలా లెక్చర్లు భరించలేనంత విసుగ్గా అనిపించాయి. రెండేళ్లలో వదిలేశాడు.

ఇక్కడిదాకా చెప్పి, చూశారా తప్పు కాలేజీ అనడం తేలిక. కానీ ఆ తప్పు కాలేజీలోనే ఆయన ఇంకేం చేశాడో చూడండి. ఒకప్పుడు బానిసగా ఉండి విముక్తి పొందిన జాన్ ఎడ్మన్‌స్టన్ అనే వ్యక్తి దగ్గర, చనిపోయిన పక్షుల చర్మం చెడకుండా భద్రపరిచే పని నేర్చుకున్నాడు. రాబర్ట్ గ్రాంట్ అనే జీవశాస్త్రవేత్త వెంట సముద్రతీరం పట్టుకుని తిరిగి చిన్న చిన్న సముద్రజీవుల్ని పరిశీలించాడు. ఇవేవీ సిలబస్‌లో లేవు. తర్వాత 1828లో కేంబ్రిడ్జిలో చేరాడు, ఈసారి మతాధికారి కావడానికి. అక్కడ జాన్ హెన్‌స్లో అనే వృక్షశాస్త్ర ప్రొఫెసరు వారానికో సాయంత్రం తన ఇంటి తలుపు విద్యార్థులకు తెరిచి ఉంచేవాడు. డార్విన్ వెళ్లాడు. మళ్లీ వెళ్లాడు. ఆయనతో ఎంతగా కలిసి నడిచేవాడంటే, హెన్‌స్లోతో నడిచే కుర్రాడు అని మిగతా ప్రొఫెసర్లు అతన్ని గుర్తుపట్టేవారు. 1831లో బీగిల్ ఓడలో వెళ్లడానికి ఒక ప్రకృతి శాస్త్రజ్ఞుడు కావాలని హెన్‌స్లోకు కబురొచ్చినప్పుడు, ఆయన డార్విన్ పేరు చెప్పి, వెళ్లమని డార్విన్‌కు ఉత్తరం రాశాడు. తండ్రి ఒప్పుకోకపోతే మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్ మాట సాయం చేసి ఒప్పించాడు. మేనమామలకు ఇలాంటి బాధ్యత ఒకటుంటుందని మా మేనకోడలితో కూడా అన్నాను.

ఎడిన్‌బరో పేరు డార్విన్‌కు సరిపడలేదు, కేంబ్రిడ్జి డిగ్రీ ఆయన్ని ఓడ ఎక్కించలేదు. ఎక్కించింది ఒక ఉత్తరం. ఆ ఉత్తరం వెనక మూడేళ్ల సాయంత్రాలున్నాయి.

సరే, చేరకముందే ఇలాంటి మనుషులున్నారో లేదో ఎలా తెలుస్తుంది? వెళ్లి చూడాలి. వీలైతే ప్రత్యేకంగా సందర్శకుల కోసం పెట్టిన రోజున కాకుండా, మామూలు పనిదినం మధ్యాహ్నం వెళ్లండి. ఆ ప్రత్యేకమైన రోజున అన్ని తలుపులూ తీసే ఉంటాయి. మామూలు రోజున టీచర్ల గదులున్న వరండాలో ఒకసారి నడవండి. ఎన్ని తలుపులు తీసి ఉన్నాయి? ఏ గదిలోనైనా ఒక విద్యార్థి కూర్చుని ఉన్నాడా? వాళ్లు దేని గురించి మాట్లాడుతున్నారో వినాల్సిన పని లేదు, మాట్లాడుతున్నారా లేదా చూస్తే చాలు. తలుపు మీద "ఈ సమయంలో రావచ్చు" అని రాసి ఉందా? ల్యాబ్‌కు వెళ్లి పరికరాల మీద కప్పిన గుడ్డలు చూడండి. కొత్త పరికరం దుమ్ము పట్టి ఉంటే పిల్లల్ని ముట్టుకోనివ్వడం లేదని అర్థం. పాత పరికరమైనా పిడి అరిగి ఉంటే సంతోషించండి.

తర్వాత లైబ్రరీకి వెళ్లి గత ఐదేళ్ల ప్రశ్నపత్రాలు అడగండి. ఈ సలహా నేను చెబితే చాలామంది వింతగా చూస్తారు గానీ, ఒక కాలేజీ గురించి నిజం చెప్పే కాగితం ఇంకోటి లేదు. ఐదేళ్లూ అవే ప్రశ్నలు అటూ ఇటూ తిరుగుతుంటే, అక్కడ ఎంత మంచి పాఠం చెప్పినా చివరికి అడిగేది జ్ఞాపకశక్తినే. కొత్త సందర్భం ఇచ్చి ఆలోచించమనే ప్రశ్నలు కనిపిస్తే, అక్కడ ఎవరో రాత్రిళ్లు కూర్చుని ఆ పేపరు తయారు చేశారన్నమాట. పనిలో పనిగా మూడో ఏడాది సిలబస్ చదవండి. సబ్జెక్టు పేరు చూసి మనసుపడేవాళ్లు అది చూశాక ఒక్కోసారి మనసు మార్చుకుంటారు. మార్చుకోవడానికి అదే సరైన సమయం.

చివరగా, కాలేజీవాళ్లు చూపించిన విద్యార్థిని కాకుండా, మెట్ల మీద కూర్చున్న ఏ మూడో ఏడాది పిల్లనో పిల్లాడినో పలకరించండి. "కాలేజీ బాగుందా?" అని అడిగితే "బాగుంది" అంటారు. అలా అడగొద్దు. "ఈ నెలలో ఏ టీచరుతోనైనా క్లాసు బయట పది నిమిషాలు మాట్లాడావా? దేని గురించి?" అని అడగండి. ఒకరు కాదు, నలుగురైదుగుర్ని అడగండి. "హాజరు తగ్గిందని పిలిచారు" అనేది ఒక రకం జవాబు. "నా ప్రాజెక్టులో ఒకటి తేలడం లేదు, దాని గురించి" అనేది ఇంకో రకం.

"ఆ సార్ చాలా బాగా చెబుతారు" అనే మాటను మాత్రం కొంచెం ఆలోచించి తీసుకోండి. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసుల మీద చేసిన ఒక ప్రయోగం వివరాలు వచ్చాయి. ఒకే పాఠాన్ని కొంతమంది అనర్గళంగా సాగే లెక్చరులో విన్నారు, కొంతమంది గుంపులుగా కూర్చుని తామే లెక్కలు చేసి నేర్చుకున్నారు. ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నది లెక్చరు విన్నవాళ్లు. పరీక్ష పెడితే ఎక్కువ వచ్చింది తాముగా కుస్తీ పట్టినవాళ్లకు. అది చదివిన రోజు నేను చాలా ఇబ్బంది పడ్డాను. నా లెక్చర్లకు మంచి పేరుండేది. ఆ ఏడాది నుంచి సగం క్లాసు మాట్లాడటం ఆపేసి, ప్రశ్న ఇచ్చి బెంచీల మధ్య తిరగడం మొదలుపెట్టాను. మొదట్లో పిల్లలు ఫిర్యాదు చేశారు, సార్ పాఠం చెప్పడం లేదని. టీచరు మనతో కష్టపడి పనిచేయిస్తుంటే అది చెడ్డ క్లాసని అనుకోకండి.

ఇదంతా చదివి, మాకు ఎంచుకునే అవకాశమే లేదు, వచ్చిన సీటులో చేరడమే అనే పిల్లలు చాలామంది ఉంటారని నాకు తెలుసు. నిజానికి నేను ఎక్కువగా రాయాలనుకున్నది వాళ్ల కోసమే. కాలేజీ మన చేతిలో లేకపోయినా, అందులో ఏ బెంచీ మీద కూర్చుంటామో, ఎవరి గదికి వెళ్తామో మన చేతిలో ఉంది. ఏ కాలేజీలోనైనా మనసు పెట్టి పనిచేసే టీచరు ఒకరిద్దరు ఉంటారు. ఇరవై ఏళ్లలో ఒక్కరూ లేని కాలేజీని నేను చూడలేదు. వాళ్లను మొదటి నెలలోనే వెతికి పట్టుకోవాలి.

ఎలా వెళ్లాలో తెలియక ఆగిపోతారు పిల్లలు. "డౌట్ ఉంది సార్" అని పుస్తకం మొత్తం చేతికిచ్చి నిలబడితే టీచరుకు ఏం చెప్పాలో తోచదు. ఒక్క లెక్క తీసుకెళ్లండి. ఎక్కడిదాకా చేశారో, ఎక్కడ ఆగిపోయారో కాగితం మీద ఉండాలి. "ఇక్కడిదాకా వచ్చాను, ఈ గుర్తు ఎందుకు మారిందో తెలియడం లేదు" అని అడగండి. పది నిమిషాల్లో అయిపోతుంది. వారం తర్వాత మళ్లీ వెళ్లి, ఆ రోజు చెప్పింది ఇంకో లెక్కలో ఎలా పనికొచ్చిందో చెప్పండి. ఈ రెండో రాక చాలా ముఖ్యం, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. వచ్చి అడిగే పిల్లలు అరుదు, మళ్లీ వచ్చి చెప్పే పిల్లలు మరీ అరుదు. అలా వచ్చినవాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒక్కోసారి టీచరు విసుక్కుంటారు, లేదా రేపు రమ్మంటారు. రేపు వెళ్లండి. విసుగు మీ మీద కాకపోవచ్చు.

స్నేహితుల విషయంలో కూడా మనం అనుకున్నంత ఎంపిక జరగదు. 1950లో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అమెరికాలోని ఎంఐటీ అనే యూనివర్సిటీ విద్యార్థుల ఇళ్ల సముదాయంలో చేసిన అధ్యయనం ప్రచురించారు. ఎవరు ఎవరికి దగ్గర స్నేహితులని అడిగితే, పక్క తలుపు వాళ్ల పేరు చెప్పింది 41 శాతం, రెండు తలుపుల అవతలి వాళ్ల పేరు 22 శాతం, వరండా ఆ చివర ఉన్నవాళ్ల పేరు 10 శాతం. అంటే ఎవరు దగ్గరుంటే వాళ్లే స్నేహితులవుతారు. కాబట్టి మీరు ఎక్కడుంటారనేది చూసుకోండి. రోజూ సాయంత్రం లైబ్రరీలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, నెలలో ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు మీ వాళ్లవుతారు. హాస్టల్ గదిలో తలుపేసుకుని ఫోన్ చూస్తూ ఉంటే, ఎవరూ లేరనే దిగులు మొదలవుతుంది. మొదటి రెండు నెలలు ఆ దిగులు అందరికీ ఉంటుంది, బయటికి చెప్పరంతే. అది తగ్గకుండా పెరుగుతూ ఉంటే మాత్రం దాచుకోకండి. ఇంట్లో చెప్పండి, ఒక టీచరుకు చెప్పండి, అవసరమైతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చదివే పద్ధతి గురించి ఒక్కటే చెబుతాను. స్కూల్లో మనం మళ్లీ మళ్లీ చదవడం అలవాటు చేసుకుంటాం. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు రెండుసార్లు చదివారు, కొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే వాళ్లకు 42 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. క్లాసు అయిన రోజు సాయంత్రమే నోట్స్ మూసేసి, ఒక తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. రాయలేక ఆగిన చోటే రేపు టీచరు గదికి తీసుకెళ్లాల్సిన ప్రశ్న.

మా మేనకోడలు రెండు కాలేజీలకూ వెళ్లి చూసింది. నేను చెప్పినవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకుని మరీ వెళ్లింది. నేనైతే ఆ చిన్న కాలేజీ వైపే మొగ్గు ఉండొచ్చని అనుకున్నాను, నా గతం అలాంటిది కాబట్టి. కానీ తను చూసింది వేరు. చిన్న కాలేజీలో ఐదేళ్ల ప్రశ్నపత్రాలూ ఒకదానికొకటి కాపీల్లా ఉన్నాయట. మెట్ల మీద నలుగుర్ని అడిగితే ఒక్కరూ క్లాసు బయట టీచరుతో మాట్లాడలేదట. పేరున్న కాలేజీలో వరండాలో చాలా గదులకు తాళాలే ఉన్నాయి. ఒక గది ముందు మాత్రం నలుగురు పిల్లలు నేల మీద కూర్చుని ఏదో లెక్క చేస్తున్నారట. తలుపు మీద వారంలో మూడు రోజుల సమయాలు పెన్నుతో రాసి, ఒకటి కొట్టేసి, మళ్లీ రాసి ఉన్నాయట. ఆ కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపింది. అక్కడే చేరింది.

నిన్నటికి క్లాసులు మొదలై మూడు వారాలు. రాత్రి ఫోన్ చేసింది.

"ఇవాళ ఆ సార్ గదికి వెళ్లాను మామయ్యా. లెక్క కాగితం మీద రాసుకునే వెళ్లాను."

"ఏమన్నారు?"

"లేరు. మీటింగ్‌కు వెళ్లారంట. చాలాసేపు బయటే ఉన్నాను. ఇంకో అమ్మాయి కూడా అక్కడే ఎదురుచూస్తోంది, తనూ మా బ్యాచే. ఇద్దరం కూర్చుని చూస్తే సగం మాకే వచ్చేసింది."

"మిగతా సగం?"

"రేపు మూడున్నరకు. ఇద్దరం వెళ్తున్నాం."